బజారుకు దారి చూపండి

మక్కా నుంచి కట్టుబట్టలతో మదీనాకు వలస వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వృత్తాంతం మనలో చాలామందికి తెలిసినదే. దైవప్రవక్త (స) ఆయనకు మదీనావాసి సాద్ బిన్ రబీ (రజి)ని సోదరునిగా జత చేశారు. సాద్ కలిగిన కుటుంబానికి చెందినవారు. తన సంపదలో సగం పంచి ఇస్తానని మనస్ఫూర్తిగా ముందుకు వచ్చారు. అబ్దుర్రహ్మాన్ ఆ సోదరుణ్ణి దీవించారు, కానీ ఆ సగాన్ని పుచ్చుకోలేదు. ఇక్కడి బజారు ఎక్కడుందో చూపిస్తే చాలన్నారు. మొదటి రోజే కొంత జున్ను, కొంత నెయ్యి లాభంగా ఇంటికి తెచ్చుకున్నారు. కాలక్రమంలో మదీనాలోని గొప్ప వర్తకుల్లో ఒకరయ్యారు.

ఈ వృత్తాంతాన్ని మనం ఆత్మగౌరవానికి నిదర్శనంగా చెప్పుకొంటాం. అందులో పాలకులు నేర్చుకోవలసిన పాఠం కూడా ఒకటుంది. దారి చూపితే సరిపోవడానికి కారణం, ఆ బజారులో నిన్న వచ్చిన వలసదారు కూడా కూర్చొని సరుకు అమ్ముకోగలగడమే. తర్వాతి రోజుల్లో దైవప్రవక్త (స) మదీనాలో ముస్లింల బజారు కోసం ప్రత్యేకంగా స్థలం నిర్ణయించి, అక్కడ సుంకం వసూలు చేయరాదని చెప్పినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. చిన్న వర్తకునికి చోటు ఇవ్వడం, అతని నెత్తిన భారం మోపకపోవడం అనే రెండు పనులూ ఆ నిర్ణయంలో ఇమిడి ఉన్నాయి.

నేటి మన ప్రభుత్వాల తీరు దీనికి తలకిందులుగా నడుస్తోంది. ఎన్నికలు దగ్గరపడినప్పుడు సంపదలో ఏదో ఒక చిన్న వాటా పంచుతామంటారు. బజారుకు దారి మాత్రం చూపరు. తెలుగు రాష్ట్రాల్లో ముస్లిం యువకుల స్వయం ఉపాధి కోసం దశాబ్దాలుగా అమలవుతున్న విధానంలోని అసలు లోపం ఇదేనని నా అభిప్రాయం. ప్రభుత్వం మనలను లబ్ధిదారులుగా లెక్కిస్తోంది, వ్యాపారులుగా చూడటం లేదు.

ఒక దరఖాస్తు కథ

జిల్లా కేంద్రమైన ఒక పట్టణంలో నాకు తెలిసిన యువకుడొకడు ద్విచక్ర వాహనాల మెకానిక్. పద్నాలుగో ఏట ఉస్తాద్ దగ్గర స్పానర్లు అందించడంతో మొదలుపెట్టి, ఇరవై రెండేళ్లకు సొంతంగా డబ్బా పెట్టుకున్నాడు. పనితనానికి పేరుంది, గిరాకీ ఉంది. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్-6 బండ్లు వచ్చాయి. కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆ బండిలో లోపం ఎక్కడుందో కనిపెట్టాలంటే స్కానర్ కావాలి. స్కానర్, కంప్రెసర్, కాసిన్ని విడిభాగాల నిల్వ కలిపి రెండు లక్షల రూపాయలుంటే తన పని నిలబడుతుందని లెక్క వేసుకున్నాడు.

మైనారిటీ ఆర్థిక సంస్థ పథకం ప్రకటన వెలువడగానే దరఖాస్తు పెట్టాడు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఒక రోజు, దరఖాస్తు అప్‌లోడ్ చేయించడానికి ఒక రోజు, బ్యాంకు అంగీకారపత్రం కోసం నాలుగు రోజులు పని మానుకున్నాడు. బ్యాంకులో దుకాణం అద్దె ఒప్పందం అడిగారు. అతని డబ్బా ఉన్నది మురికికాలువ మీద. అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారు? ట్రేడ్ లైసెన్సు అడిగారు. చిరునామా లేని దుకాణానికి లైసెన్సు ఎక్కడిది? చివరకు చూద్దాం అన్నారు. ఆ 'చూద్దాం'కు కాగితం లేదు, గడువు లేదు. జాబితా వచ్చింది. అందులో అతని పేరు లేదు. ఎందుకు లేదో చెప్పినవారూ లేరు.

స్కానర్ మాత్రం కొన్నాడు. డైలీ ఫైనాన్స్ దగ్గర పదివేల చొప్పున విడతలుగా తీసుకున్నాడు. వారు చేతికి తొమ్మిది వేలు ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తగ్గుతూ పోతుంది కనుక లెక్క కడితే ఆ వడ్డీ సాలీనా 75 శాతం దాటుతుంది. బ్యాంకు తలుపు మూసుకుపోయిన ప్రతిచోటా ఈ తలుపు తెరిచే ఉంటుంది. ఉదయం ఎనిమిది గంటలకే వసూలు కుర్రాడు బండి మీద వచ్చి నిలబడతాడు.

ఇది ఒక్కడి కథ అయితే వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

అంకెలు చెప్పే సంగతి

జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను విద్య, ఉద్యోగాల కోణంలోనే మనం ఎక్కువగా ఉటంకిస్తాం. అందులో వ్యాపారానికి సంబంధించిన అధ్యాయాలు అంతకన్నా తక్కువవి కావు. దేశంలోని ముస్లిం శ్రామికుల్లో 61 శాతం స్వయం ఉపాధి మీదనే బతుకుతున్నారని, హిందూ శ్రామికుల్లో ఆ వాటా 55 శాతమని కమిటీ తేల్చింది. పట్టణాల్లో ఆ తేడా మరింత పెద్దది: ముస్లింలలో 57 శాతం, హిందువుల్లో 43 శాతం. స్థిరమైన చోటు లేకుండా వీధుల్లో తిరిగి అమ్ముకొనే పురుషుల వాటా జాతీయ సగటున 8 శాతం కన్నా తక్కువ కాగా, ముస్లింలలో అది 12 శాతానికి మించింది. ముస్లిం శ్రామిక మహిళల్లో 70 శాతం ఇంటిపట్టున పని చేసేవారే.

ఈ అంకెల అర్థం స్పష్టం. జీతం రాళ్లు తక్కువగా అందిన సముదాయం మనది. కొలువు దొరకనివాడు కొట్టు పెట్టుకున్నాడు, కొట్టుకు చోటు లేనివాడు తోపుడుబండి ఎక్కాడు. దేశంలో వ్యాపారాన్ని ప్రోత్సహించే విధానమంటూ ఏదైనా ఉంటే, దాని ఫలితం ముందుగా అందవలసిన వారిలో మనం ఉండాలి.

జరిగింది వేరు. మైనారిటీలకు బ్యాంకు రుణాల కోసం 1983 నాటి 15 సూత్రాల కార్యక్రమం కింద చేసిన ప్రయత్నాల మేలు ప్రధానంగా ఇతర మైనారిటీలకే చేరిందని, ముస్లింలు అంచునే మిగిలారని సచార్ కమిటీ రాసింది. ముస్లింలకు దక్కిన సగటు రుణం ఇతర మైనారిటీలకు దక్కినదానిలో మూడింట రెండు వంతులేనని చెప్పింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలను 'నెగటివ్ జోన్లు'గా గుర్తించి అక్కడ రుణాలివ్వడానికి వెనుకాడుతున్నాయన్న సంగతినీ నమోదు చేసింది. మనిషిని చూసి కాదు, అతని పిన్‌కోడ్‌ను చూసి అప్పు నిరాకరించడమన్నమాట. పాతబస్తీలో, గుంటూరు, కర్నూలు, కడపల్లోని మన బస్తీల్లో బ్యాంకు మెట్లెక్కి దిగినవారికి ఈ వాక్యాన్ని వివరించి చెప్పనక్కరలేదు.

పథకాల లెక్క

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైనారిటీల ఆర్థిక సంస్థ 1985లోనే ఏర్పడింది. కేంద్రంలో జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 1994లో వచ్చింది. తెలంగాణలో 2023లో నూరు శాతం రాయితీతో లక్ష రూపాయల సాయం ప్రకటించారు. 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం పేరుతో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు నాలుగు లక్షల వరకు యూనిట్ల పథకం మొదలైంది. లక్షల దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న మంజూరు పత్రాలిస్తామన్న మాట వాయిదా పడింది.

ఈ పథకాలన్నింటి నిర్మాణంలో ఒక పోలిక ఉంది. ఏడాదంతా తెరిచి ఉండే తలుపు కాదిది. ఎప్పుడో ఒక రోజు ప్రకటన వస్తుంది, కొద్ది వారాల గడువుంటుంది, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. వ్యాపారికి పెట్టుబడి అవసరం రంజాన్‌కు ముందు వస్తుంది, పెళ్లిళ్ల కాలానికి ముందు వస్తుంది, యంత్రం పాడైన రోజున వస్తుంది. ప్రభుత్వ ప్రకటన వచ్చిన రోజున రాదు. పైగా ఇది ఒక్కసారి దక్కే సాయం. ఒకసారి పొందినవాడు మళ్లీ అర్హుడు కాడు. మొదటి లక్షతో వ్యాపారాన్ని నిలబెట్టి, సక్రమంగా తిరిగి చెల్లించి, రెండో విడతగా మూడు లక్షలు అడగగలిగే మెట్టు లేదు. బాగా నడిపినవాడికీ, దుకాణమే తెరవనివాడికీ విధానం దృష్టిలో తేడా లేదు. ఇద్దరూ జాబితా నుంచి కొట్టివేసిన పేర్లే.

రాయితీ రుణాలు తిరిగి రావడం లేదని బ్యాంకు అధికారులు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. యూనిట్ చూపించి డబ్బు తీసుకొని, అదే వారంలో యంత్రాన్ని అమ్ముకున్నవారు మనలోనూ ఉన్నారు. దళారీకి వాటా ఇచ్చి మంజూరు చేయించుకున్నవారూ ఉన్నారు. కానీ రేపు మళ్లీ రుణం దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాడు నేటి వాయిదా ఎగ్గొట్టడు. ఇది ఒక్కసారి తగిలే లాటరీ అని తెలిసినవాడికి తిరిగి కట్టడానికి కారణమేమిటి? విధానమే దాన్ని కానుకగా మలిచి, పుచ్చుకున్నవాడు కానుకగా భావించాడని నిందించడం సమంజసం కాదు.

పెద్దవారికి గడువు, చిన్నవారికి నిరీక్షణ

ఇదే ప్రభుత్వ యంత్రాంగం తలచుకుంటే ఎంత చురుకుగా పని చేయగలదో చూడాలంటే తెలంగాణలో 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం చూడాలి. మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో, ఇతర పరిశ్రమలకు 30 రోజుల్లో అనుమతులివ్వాలని ఆ చట్టం గడువు పెట్టింది. జాప్యానికి బాధ్యుడైన అధికారిపై జరిమానా విధించే ఏర్పాటు చేసింది. అనుమతి పొందడం పారిశ్రామికవేత్త హక్కు అన్న భావనను చట్టంలోకి తెచ్చింది. ఇది మంచి చట్టమే. ఆ మంచి వందల కోట్ల వారి దగ్గరే ఎందుకు ఆగిపోవాలన్నదే ప్రశ్న. రెండు లక్షల దరఖాస్తుకు ముప్పై రోజుల గడువు ఎందుకు ఉండకూడదు? తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఎందుకు ఇవ్వకూడదు?

కాబట్టి మనం అడగవలసింది మరో పథకం కాదు. వ్యాపారి బజారులోకి ప్రవేశించడానికి నాలుగు తలుపులున్నాయి. అవి పెట్టుబడి, చోటు, కాగితం, కొనుగోలుదారు. ఈ నాలుగూ తెరవమని అడగాలి.

పెట్టుబడి: సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒక పరిమితి వరకు ఇచ్చే రుణాలకు బ్యాంకులు తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ఆ రుణాలకు పూచీ పడటానికి 2000లోనే క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు ఏర్పడింది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో మైనారిటీలు ప్రత్యేక వర్గం కిందకు వస్తారు. సొంత వాటా 5 శాతం పెడితే చాలు. పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం రాయితీ లభిస్తుంది. ఈ సంగతి మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు? తెలిసి వెళ్లినవారికి ఎన్ని శాఖల్లో ఇల్లు తనఖా పెట్టమనే జవాబు రాలేదు? రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమావేశ పత్రాల్లో మైనారిటీలకిచ్చిన రుణాల మొత్తం కనిపిస్తుంది. ఏ పట్టణంలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో అన్నది కూడా కనిపించాలి. జిల్లా కలెక్టర్ల అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల సంప్రదింపుల సమావేశాల్లో ఈ లెక్క ప్రతి మూడు నెలలకూ బయట పెట్టాలి. నెగటివ్ జోన్ అన్నది అధికారికంగా ఎక్కడా రాసి ఉండదు. అంకెలు బయటకు వస్తే తప్ప అది పటం మీద కనిపించదు.

చోటు: విజయవాడ ఆటోనగర్‌ను చూసినవారికి చోటు విలువ చెప్పనవసరం లేదు. రోడ్ల పక్కన చెట్ల కింద పని చేసుకొనే మెకానిక్కులకు 1960ల్లో ఊరి వెలుపల స్థలం చూపడంతో అది మొదలైంది. అన్ని వర్గాల పనివారూ అక్కడ చేరారు. లారీ బాడీలు కట్టేవారు, లేత్ పనివారు, విడిభాగాల దుకాణదారులు ఒకరి వల్ల ఒకరు ఎదిగారు. స్థలానికి కాగితం ఉంది కనుక బ్యాంకు వచ్చింది. బ్యాంకు వచ్చింది కనుక కొత్త యంత్రం వచ్చింది. ఆ నమూనాను మన ప్రతి పట్టణంలో చిన్న స్థాయిలో ఎందుకు చేపట్టరు? ఎకరం స్థలంలో రేకుల షెడ్లు వేసి, దీర్ఘకాలిక లీజు పత్రం ఇచ్చి, కరెంటు మీటరు పెడితే, నేను పైన చెప్పిన యువకుడికి రాయితీ అక్కరలేదు. ఇక తోపుడుబండ్ల వారి సంగతి. వారి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ తొలగించరాదని ఆ చట్టం చెబుతోంది. పట్టణ వెండింగ్ కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదని, వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని కూడా చెబుతోంది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉన్నదా, అందులో మనవారెవరైనా ఉన్నారా అని ఒక్కసారి విచారించండి.

కాగితం: కేంద్రం 2020 జూలైలో ఉద్యమ్ నమోదును ప్రారంభించింది. జీఎస్టీ లేని అతిచిన్న వ్యాపారుల కోసం 2023లో ఉద్యమ్ అసిస్ట్ వేదిక వచ్చింది. రెండూ పూర్తిగా ఉచితం. అయినా మధ్యవర్తులు దీనికీ డబ్బు వసూలు చేస్తున్నారు. నమోదు లేనివాడు ప్రాధాన్య రంగ రుణానికీ, ప్రభుత్వ కొనుగోళ్లకూ, బకాయిల వసూలుకు ఉన్న చట్ట రక్షణకూ దూరమే. మైనారిటీ సంక్షేమ శాఖ ఏడాదికి ఒకసారి దరఖాస్తులు పిలిచే బదులు, మన బస్తీల్లో ఏడాది పొడవునా నమోదు కేంద్రాలు నడపవచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

కొనుగోలుదారు: కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్నది విధానం. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం ఉపలక్ష్యాలున్నాయి. స్టాండప్ ఇండియా రుణాలు 2025 దాకా ఎస్సీ, ఎస్టీ, మహిళలకు ఉండేవి. తెలంగాణలో టీ-ప్రైడ్ దళిత, గిరిజన పారిశ్రామికవేత్తలకు ఉంది. అవన్నీ న్యాయమైనవే, వాటిలో పిసరంత కూడా తగ్గకూడదు. సామాజికంగా వెనుకబడిన ముస్లిం వృత్తిదారులకు మాత్రం ఈ వరుసలో చోటు లేదు. మతం ప్రాతిపదికన కోటా అనగానే వివాదం రేగుతుందని మనకు తెలుసు. కర్ణాటక శాసనసభ 2025 మార్చిలో ప్రభుత్వ కాంట్రాక్టుల్లో 2బీ వర్గానికి 4 శాతం కేటాయిస్తూ ఆమోదించిన బిల్లును అక్కడి గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు నివేదించడం చూశాం. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం వెనుకబాటుతనం ప్రాతిపదికన 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ వర్గం విద్య, ఉద్యోగాల్లో ఇప్పటికే అమలులో ఉంది. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. ప్రభుత్వ కొనుగోళ్లలో బీసీలందరికీ వాటా నిర్ణయించి, ఉపవర్గాల వారీగా అమలు చేస్తే మతం ప్రస్తావన లేకుండానే న్యాయం జరుగుతుంది. వసతి గృహాల పరుపులు, పాఠశాలల యూనిఫాంలు, ఆసుపత్రుల దుప్పట్లు ప్రభుత్వం ఏటా కొంటూనే ఉంది. ఫోమ్ పరుపులు వచ్చి పని పోగొట్టుకున్న దూదేకుల కుటుంబాలకు ఒక్క వసతి గృహం ఆర్డరు ఏ రాయితీ కన్నా మేలు చేస్తుంది.

వడ్డీ ప్రశ్న

ఈ చర్చలో మనం తప్పించుకోలేని మరో అంశం వడ్డీ. విశ్వాసం కారణంగా బ్యాంకు రుణానికి దూరంగా ఉన్న ముస్లింలు ఉన్నారు. వారి మనస్సాక్షిని గౌరవించడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఆర్థిక రంగ సంస్కరణల కమిటీ 2008లో వడ్డీ రహిత బ్యాంకింగ్‌ను పరిశీలించాలని సూచించింది. రిజర్వు బ్యాంకు నియమించిన దీపక్ మొహంతి కమిటీ 2015లో వాణిజ్య బ్యాంకుల్లో వడ్డీ రహిత విభాగాలు తెరవవచ్చని సిఫారసు చేసింది. అయినా 2017 నాటికి రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను పక్కన పెట్టేసింది.

ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో మనకు అనుభవమే. వడ్డీ లేని హలాల్ లాభమంటూ హైదరాబాదులో, బెంగళూరులో వేల కుటుంబాల పొదుపులను సేకరించిన సంస్థలు 2018, 2019 ప్రాంతాల్లో కుప్పకూలాయి. ఆడపిల్లల పెళ్లికి దాచుకున్న సొమ్ము పోయింది, హజ్‌కు దాచుకున్న సొమ్ము పోయింది. చట్టం నీడలో వడ్డీ రహిత మార్గం ఉండి ఉంటే ఆ కుటుంబాలు అంత సులువుగా వలలో పడేవి కావు. లాభనష్టాల భాగస్వామ్యం మీద, వస్తువు కొని వాయిదాల్లో అమ్మే పద్ధతి మీద పని చేసే సహకార సంఘాలకు రాష్ట్ర ప్రభుత్వాలు తమ సహకార చట్టాల పరిధిలోనే గుర్తింపు, పర్యవేక్షణ, ఏటా ఆడిట్ కల్పించవచ్చు. దానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. బ్యాంకు వడ్డీ వద్దనుకొని డైలీ ఫైనాన్స్ వాడికి 75 శాతం కట్టడం ఏ విధంగానూ ధర్మరక్షణ కాదు. ధర్మబద్ధమైన దారి మూసి ఉన్నప్పుడు మనిషి మరింత లోతైన గుంతలోకే జారుతున్నాడు. ఈ విషయంలో ఉలమాలు, ఆర్థిక నిపుణులు కలిసి కూర్చొని ఆచరణకు వీలైన మార్గం చూపవలసిన సమయం వచ్చింది.

ఇంటి నాలుగు గోడల మధ్య కర్మాగారం

పాతబస్తీలోని ఇరుకు గదుల్లో లక్క గాజులకు అద్దాలు అతికే, చీరలకు జర్దోజీ కుట్టే అక్కచెల్లెళ్లను వ్యాపారులుగా ఎవరూ లెక్కించరు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గర్వించదగిన విషయమే. కానీ ఆ గుర్తింపు విలువ గాజు చేసిన చేతికి ఎంత చేరుతోంది? ముడిసరుకు దళారీ ఇస్తాడు, ధర దళారీ నిర్ణయిస్తాడు, ఆమె పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఉద్యమ్ నమోదు ఆమె పేరున జరగాలి, భౌగోళిక గుర్తింపు అధీకృత వినియోగదారుగా ఆమె నమోదు కావాలి, పరిసరాల్లోనే ఆమెకు ఉమ్మడి పనిశాల ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో స్వయం సహాయక సంఘాల ఉద్యమం ఎంత బలమైనదో లోకానికి తెలుసు. ఆ సంఘాల మహిళల వడ్డీ భారాన్ని ప్రభుత్వమే భరించిన సంప్రదాయం కూడా ఇక్కడే ఉంది. మన బస్తీల్లో ఆ సంఘాలు ఎందుకు పలచగా ఉన్నాయో ప్రభుత్వమూ ఆలోచించాలి, ఆడవారిని సమావేశానికి పంపడానికి వెనుకాడే మన ఇళ్లూ ఆలోచించాలి.

మన వంతు

హక్కులడిగే వారికి బాధ్యతా ఉంటుంది. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పుల లావాదేవీలను రాసి ఉంచుకోవడం గురించినదన్న సంగతి తెలిసి కూడా, లెక్క పుస్తకం రాసే దుకాణం మన వీధిలో ఎన్ని ఉన్నాయి? రోజువారీ అమ్మకం, కొనుగోలు రాసి పెట్టుకున్నవాడి మాటకు బ్యాంకులో బలముంటుంది. లెక్క లేనివాడు ఎంత సంపాదించినా పేదవాడిగానే కనిపిస్తాడు.

మసీదు కమిటీలు జుమా తర్వాత ఒక గంట కేటాయించి, చదువుకున్న యువకులను కూర్చోబెట్టి, ఉద్యమ్ నమోదు, రుణ దరఖాస్తు పనులు ఉచితంగా చేయించవచ్చు. బ్యాంకు తిరస్కరిస్తే రాతపూర్వక కారణం కోరే లేఖను వారే రాసి ఇవ్వవచ్చు. స్పందన లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. జకాత్‌ను ఏటా ఒకే ఇంటికి నాలుగు కిలోల బియ్యంగా పంచే బదులు, అందులో కొంత భాగంతో ఒక అర్హునికి పనిముట్టు కొనిపెడితే మరుసటి ఏడాది అతడు పుచ్చుకొనే వరుస నుంచి తప్పుకుంటాడు. కలిగినవారు ఖర్జె హసనా నిధిగా కొంత సొమ్ము వేరు చేస్తే డైలీ ఫైనాన్స్ బండి మన వీధి మలుపు తిరగదు. దొంగ యూనిట్లు చూపి రాయితీ తినేవారిని మనమే వేలెత్తి చూపాలి. ఆ సొమ్ము ప్రభుత్వానిది కాదు, వరుసలో వెనుక నిలబడిన మెకానిక్‌ది.

ప్రజాప్రతినిధులు మన ముందుకు వచ్చినప్పుడు ఈసారి ఎన్ని వేల మందికి చెక్కులిస్తారని అడగవద్దు. ఐదు ప్రశ్నలు అడుగుదాం. ఏడాది పొడవునా తెరిచి ఉండి, సక్రమంగా చెల్లించినవారికి పై మెట్టు చూపే రుణ వ్యవస్థ ఎప్పుడు? ముప్పై రోజుల గడువు, రాతపూర్వక జవాబు ఎప్పుడు? మా పట్టణంలో షెడ్ల సముదాయం ఎక్కడ? ప్రభుత్వ కొనుగోళ్లలో బీసీ-ఇ, బీసీ-బి వృత్తిదారుల వాటా ఎంత? వడ్డీ రహిత సహకార సంఘాలకు చట్టబద్ధత ఎప్పుడు?

ఆ మెకానిక్ యువకుడు ఇప్పటికీ మురికికాలువ మీదే పని చేస్తున్నాడు. స్కానర్ అప్పు తీరింది, కంప్రెసర్ ఇంకా కొనలేదు. రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట వినిపించినప్పుడల్లా డబ్బా ఎక్కడికి జరపాలా అని చుట్టూ చూస్తాడు. అతనికి ఎవరి సంపదలోనూ సగం అక్కరలేదు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట మదీనాలో ఒక వలసదారు అడిగిన ఆ ఒక్కటే అతడూ అడుగుతున్నాడు. సాద్ (రజి)కి తన అతిథిని బజారు దాకా నడిపించడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? మన ప్రభుత్వాలకు మాత్రం ఇన్ని దశాబ్దాలు చాలలేదు.